అక్షరం కంటికి కనిపిస్తే చాలదు

విద్యార్థులారా! ముందుగా ఒక చిన్న చిక్కు ప్రశ్న.

కంప్యూటరు తెర మీద మూడు కాగితాలు ఉన్నాయనుకోండి. మూడింటిలోనూ ఒకే మాట ఉంది: ‘అమ్మ’. అక్షరాల పరిమాణం ఒకటే, నలుపు ఒకటే. పక్కపక్కన పెట్టి ఎంత పరీక్షగా చూసినా మీ కంటికి తేడా కనిపించదు.

ఇప్పుడు చూపులేని ఒక విద్యార్థి ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు అందులో ఉంది. అతడు మొదటి కాగితం తెరిచాడు. ‘బొమ్మ’ అని మాత్రం పలికి అది ఊరుకుంది. రెండో కాగితం తెరిచాడు. పొంతనలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వినిపించాయి. మూడో కాగితం తెరిచాడు. ‘అమ్మ’ అని స్పష్టంగా వినిపించింది.

ఎందుకిలా జరిగింది? సాఫ్ట్‌వేరు చెడిపోయిందా? లేదు. మూడుసార్లూ అది తన పని సరిగానే చేసింది. లోపం మొదటి రెండు కాగితాల తయారీలో ఉంది. ఆ లోపం ఏమిటి? దాన్ని ఎలా సరిదిద్దాలి? ఈ నెల పాఠం అదే.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన విషయం అనుకోకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఏదో ఒక వైకల్యం ఉన్నవారు సుమారు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 50 లక్షలు, వినికిడికి సంబంధించిన వైకల్యం ఉన్నవారు మరో 50 లక్షలు. హాల్ టికెట్టు, పరీక్షా ఫలితాలు, బ్యాంకు ఖాతా, రైలు టికెట్టు - అన్నీ తెర మీదికి వచ్చిన ఈ రోజుల్లో తెర చదవలేకపోవడం అంటే ఇంటి తలుపు బయట నిలబడిపోవడమే కదా!

ఆరు చుక్కల పాఠం

ఈ సంగతి బాగా అర్థం కావాలంటే ముందు రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సు దేశంలోని కూప్‌వ్రే అనే గ్రామంలో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు, పట్టీలు కుట్టేవాడు. మూడేళ్ళ వయసులో లూయీ తండ్రి పనిముట్లతో ఆడుకుంటూండగా తోలుకు బెజ్జాలు వేసే ఆర కంట్లో గుచ్చుకుంది. పుండు రెండో కంటికీ పాకి, చూపు పూర్తిగా పోయింది. పదేళ్ళ వయసులో, 1819లో, పారిస్‌లోని అంధ బాలల పాఠశాలలో చేరాడు.

ఆ పాఠశాలలో పుస్తకాలు లేకపోలేదు. మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేసేవారు. పిల్లలు వేలితో తడిమి చదవాలి. కాని ఒక్కొక్క అక్షరం ఆకారాన్ని తడిమి పోల్చుకునేసరికి ఎంతో సేపు పట్టేది. కారణం ఏమిటి? ఆ ఆకారాలను కంటి కోసం తయారుచేశారు, వేలి కోసం కాదు. కంటికి సులువైనది వేలికి సులువు కానక్కరలేదు.

చార్లెస్ బార్బియే అనే ఫ్రెంచి సైనికాధికారి చుక్కలతో ఒక లిపిని రూపొందించాడు. అందులో ఒక్కొక్క గుర్తుకు 12 చుక్కల వరకు ఉండేవి. అవి వేలి కొన కింద ఇమడవు. లూయీ వాటిని ఆరుకు తగ్గించాడు. 1824 నాటికి, అంటే పదిహేనేళ్ళకే, తన లిపికి రూపం ఇచ్చాడు. 1829లో దాన్ని ప్రచురించాడు.

ఆరు చుక్కలు ఎలా సరిపోయాయి? లెక్క వేసి చూడండి. ఒక్కొక్క చోట చుక్క ఉండవచ్చు లేదా ఉండకపోవచ్చు. అంటే రెండు అవకాశాలు. ఆరు చోట్లకు 2×2×2×2×2×2 = 64. ఏ చుక్కా లేని ఖాళీని తీసివేస్తే 63 గుర్తులు. అక్షరాలకు, అంకెలకు, విరామ చిహ్నాలకు ఇవి చాలు.

మన దేశ భాషలకు 1951లో ‘భారతీ బ్రెయిలీ’ ఏర్పడింది. ఎడమ వరుసలో పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6 అని చుక్కలకు సంఖ్యలు ఇస్తారు. ‘క’ అక్షరానికి 1, 3 చుక్కలు. తెలుగు ‘క’కైనా హిందీ ‘క’కైనా చుక్కలు అవే. చూశారా! కంటికి ఈ రెండు లిపులూ వేరు. బ్రెయిలీలో రెంటికీ గుర్తు ఒకటే. అక్షరం అంటే ఒక ఆకారం కాదు, అందరూ ఒప్పుకున్న ఒక సంకేతం అన్నమాట. ఈ మాట గుర్తు పెట్టుకోండి. మన చిక్కు ప్రశ్నకు తాళంచెవి ఇదే.

కంప్యూటరులో అక్షరం ఒక సంఖ్య

కంప్యూటరుకు ‘అ’ అంటే గుండ్రని గీతలు తెలియవు. దానికి తెలిసింది సంఖ్యలే. అందుకని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను కేటాయించారు. ప్రపంచ భాషలన్నిటికీ కలిపి చేసిన అలాంటి పట్టిక పేరు యూనికోడ్. దాని మొదటి రూపం 1991లో వచ్చింది. అందులోనే తెలుగుకు చోటు దొరికింది.

యూనికోడ్‌లో ‘అ’ సంఖ్య 3077. ‘మ’ సంఖ్య 3118. అచ్చును తీసివేసి పొల్లు చేసే గుర్తు సంఖ్య 3149. ‘అమ్మ’ అని మనం రాసినప్పుడు కంప్యూటరు దాచుకునేది ఈ నాలుగు సంఖ్యలు: 3077, 3118, 3149, 3118. ‘మ’ కింద వత్తు ఎలా రావాలో చూసుకోవడం ఫాంటు పని. అంటే సంఖ్యలు అసలు మనిషి అయితే ఫాంటు వేసుకున్న చొక్కా లాంటిది. చొక్కా మార్చినా మనిషి మారడు.

తెరను చదివే సాఫ్ట్‌వేరును ‘స్క్రీన్ రీడర్’ అంటారు. పేరును బట్టి అది మనలాగే తెర వైపు చూసి చదువుతుందని అనుకుంటాం. కాని ప్రధానంగా అది చదివేది తెర వెనుక దాచి ఉన్న సంఖ్యలను. 3077 కనిపిస్తే ‘అ’ అని తెలుసుకుంటుంది. అక్షరాలను ధ్వనులుగా మార్చి, ఆ ధ్వనులను కలిపి మాటగా పలుకుతుంది. ఈ పని ఇంగ్లీషులో కాస్త కష్టం. ‘బట్’, ‘పుట్’ అనే మాటల్లో మధ్య అక్షరం ఒకటే అయినా పలుకు వేరు. తెలుగులో చాలావరకు రాసినట్టే పలుకుతాం కాబట్టి ఆ చిక్కు తక్కువ.

చూపులేని వారు ఇవే సంఖ్యలను బ్రెయిలీలోనూ చదువుకోవచ్చు. దీనికి ‘బ్రెయిలీ డిస్‌ప్లే’ అనే పరికరం ఉంది. అందులో సన్నని మొనలు వరుసగా ఉంటాయి. విద్యుత్ పీడనం ఇస్తే కొన్ని పదార్థాలు కొద్దిగా వంగుతాయి. వాటిని పీజో విద్యుత్ పదార్థాలు అంటారు. ఆ వంపుతో మొనలు పైకి లేస్తాయి, కిందికి దిగుతాయి. వేలి కింద వాక్యం ఒకటి పోయి మరొకటి వస్తుంది. ఒకే సంఖ్య కంటికి ఆకారంగా, చెవికి ధ్వనిగా, వేలికి చుక్కలుగా మారుతోంది. ఎంత గొప్ప సంగతి!

స్క్రీన్ రీడర్లకు ఎప్పుడూ పెద్ద ధర ఉంటుందని అనుకోకండి. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కర్రన్ అనే చూపులేని యువకుడు 2006లో ‘ఎన్‌వీడీఏ’ అనే స్క్రీన్ రీడరు రాయడం మొదలుపెట్టాడు. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోనుల్లో ‘టాక్‌బ్యాక్’ అనేది, ఐఫోనులో ‘వాయిస్‌ఓవర్’ అనేది ఇదే పని చేస్తాయి.

మూడు కాగితాల రహస్యం

ఇప్పుడు మన మూడు కాగితాల దగ్గరికి వద్దాం.

మొదటిది అచ్చు కాగితాన్ని స్కాన్ చేసి గాని, ఫోటో తీసి గాని చేసిన పీడీఎఫ్. అందులో 3077 లేదు, 3118 లేదు. నల్లచుక్కలు, తెల్లచుక్కలు మాత్రమే ఉన్నాయి. కంప్యూటరుకు అమ్మ అనే మాట ఫోటోకూ ఆవు ఫోటోకూ తేడా తెలియదు. అందుకే ‘బొమ్మ’ అంది. పాఠశాలల్లో ఫోటో తీసి సెల్‌ఫోనులో పంపే ప్రకటనలు, నోట్సు చాలావరకు ఈ కోవకు చెందినవే.

రెండోది పాత పద్ధతి డీటీపీ ఫాంటుతో చేసింది. యూనికోడ్ వాడకం పెరగకముందు తెలుగు అచ్చు పనికి ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గడుల్లో తెలుగు బొమ్మలను పెట్టారు. ‘జె’ గడిలో ‘అ’ బొమ్మ పెట్టారనుకోండి. కంటికి ‘అ’ కనిపిస్తుంది. లోపల దాగి ఉన్నది మాత్రం ‘జె’ సంఖ్యే. కాగితం మీద అచ్చువేసుకోవడానికి ఆ రోజుల్లో ఇది చక్కగా పనికివచ్చింది. కాని స్క్రీన్ రీడరుకు చొక్కా కనిపించదు, మనిషే కనిపిస్తాడు! అందుకే ఇంగ్లీషు అక్షరాలు చదివింది.

మూడోది యూనికోడ్‌లో రాసింది. సంఖ్యలు సరైనవి. పలుకూ సరైనదే.

బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. రకరకాల అచ్చు అక్షరాలను గుర్తించి చదివి వినిపించే యంత్రాన్ని అమెరికాకు చెందిన రే కర్జ్‌వెయిల్ 1976లోనే ప్రదర్శించాడు. ఇప్పుడు తెలుగు అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. కాని ‘ప’, ‘ఫ’, ‘ష’ అక్షరాల మధ్య తేడా చిన్న గీత. కాగితం మసకగా ఉన్నా, వంకరగా ఫోటో తీసినా ఆ గీత తప్పిపోతుంది. కథలో ఒక అక్షరం తప్పితే సర్దుకోవచ్చు. మందు మోతాదులోనో, లెక్కలోనో తప్పితే? మొదటే సరిగా రాయడం అన్నిటికంటె సులువు.

పెద్ద అక్షరమే శీర్షిక కాదు

యూనికోడ్‌లో రాస్తే అంతా అయిపోయినట్టేనా? ఇంకా కొంత ఉంది.

మీరు పాఠ్యపుస్తకం ఎలా చదువుతారు? మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకే బిగిన చదవరు. పేజీలు తిప్పుతూ లావాటి శీర్షికలు చూసి, కావలసిన చోట ఆగుతారు. స్క్రీన్ రీడరుతో చదివేవారికీ ఆ సౌకర్యం కావాలి. వారు ఒక్క మీట నొక్కి ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకవచ్చు. అయితే ఒక షరతు. అది శీర్షిక అని లోపల రాసి ఉండాలి. అక్షరాలను పెద్దవిగా, లావుగా చేసినంత మాత్రాన అది కంటికి శీర్షిక, యంత్రానికి మామూలు వాక్యమే. అందుకే వర్డ్ వంటి సాఫ్ట్‌వేర్లలో ‘హెడింగ్’ అనే ప్రత్యేకమైన ఏర్పాటు ఉంటుంది. దాన్నే వాడాలి. అలాగే పట్టికలో మొదటి వరుస పేర్ల వరుస అని చెప్పి ఉంచాలి. అప్పుడు మార్కుల పట్టికలో ‘78’ అని మాత్రమే వినిపించదు. ‘గణితం 78’ అని వినిపిస్తుంది.

సైన్సు విద్యార్థులు మరో సంగతి గమనించాలి. అవగాడ్రో సంఖ్యను 6.02 × 10²³ అని రాస్తాం. పైన ఉన్న 23ను కేవలం చిన్నదిగా చేసి పైకి జరిపితే, స్క్రీన్ రీడర్లు చాలాసార్లు దాన్ని పక్కనే ఉన్న అంకెగా చదువుతాయి. విద్యార్థికి ‘1023’ అని వినిపిస్తుంది! ఘాతం ఏదో, సంఖ్య ఏదో తెలిపే గుర్తులతో సూత్రాలను రాయడానికి ‘మ్యాథ్ ఎంఎల్’ అనే పద్ధతి 1998లో వచ్చింది. ఆ పద్ధతిలో రాసిన సూత్రాన్ని స్క్రీన్ రీడర్లు ఘాతం, భిన్నం, వర్గమూలం అని విడమరచి చదవగలుగుతాయి.

బొమ్మకు మాట తోడు

మరి నిజమైన బొమ్మల మాటేమిటి? పాఠంలో పటాలు లేకుండా కుదరదు కదా.

ప్రతి బొమ్మ వెనుక దాన్ని వివరించే కొన్ని మాటలు రాసి ఉంచే ఏర్పాటు ఉంది. దీన్ని ‘ఆల్ట్ టెక్స్ట్’ అంటారు. ప్రత్యామ్నాయ పాఠం అన్నమాట. కంటితో చూసేవారికి అది కనిపించదు. స్క్రీన్ రీడరు మాత్రం బొమ్మ దగ్గరికి రాగానే దాన్ని చదువుతుంది.

ఆ మాటలు ఎలా ఉండాలి? కుంభాకార కటకం పటాన్ని తీసుకోండి. ‘కటకం బొమ్మ’ అని రాస్తే ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. ఇలా రాసి చూడండి: “కుంభాకార కటకానికి ఎడమవైపున, నాభ్యంతరానికి రెండు రెట్ల కంటె ఎక్కువ దూరంలో వస్తువు ఉంది. ప్రతిబింబం కుడివైపున, నాభ్యంతరానికీ దాని రెట్టింపుకూ మధ్య ఏర్పడింది. అది తలకిందులుగా, వస్తువు కంటె చిన్నదిగా ఉంది.” పటం నేర్పే విషయం మొత్తం ఇందులో ఉంది. బొమ్మలో గీతల రంగు ఎరుపా, నీలమా అన్నది ఇక్కడ అక్కరలేదు. పటం దేనికోసం వేశారో అది చెప్పాలి. పేజీ అందం కోసం అంచుల్లో వేసిన పూలతీగ అయితే వివరణ ఖాళీగా వదిలేయమని నియమం. లేకుంటే ప్రతి పేజీలోనూ పూలతీగ గురించి వినవలసి వస్తుంది!

ఈ చిన్న వివరణ ఎంత పెద్ద అడ్డంకిని తొలగించగలదో ఆలోచించండి. మచిలీపట్నం ప్రాంతానికి చెందిన శ్రీకాంత్ బొల్లా పుట్టుకతో చూపులేనివారు. పదో తరగతి తర్వాత సైన్సు, గణితం చదవాలనుకున్నారు. పటాలు, గ్రాఫులు ఉంటాయి కాబట్టి అంధులు ఆ చదువు చదవలేరని అప్పటి నిబంధనలు అడ్డుపడ్డాయి. ఆయన కోర్టుకు వెళ్ళి అనుమతి సాధించారు. ఆ తర్వాత అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివారు, స్వదేశానికి తిరిగివచ్చి పరిశ్రమ స్థాపించారు. అడ్డంకి ఆయన తెలివిలో లేదు. పటాన్ని కంటికి మాత్రమే చూపి ఊరుకునే మన అలవాటులో ఉంది.

రంగులో ఒక లెక్క

చూపు బొత్తిగా లేనివారే కాదు, మసకగా కనిపించేవారు, రంగుల తేడా తెలియనివారు కూడా మన పాఠకులే. పరమాణు సిద్ధాంతంలో మీరు చదివే జాన్ డాల్టన్‌కు రంగుల తేడా సరిగా తెలిసేది కాదు. దాని గురించి ఆయన 1794లోనే శాస్త్రీయంగా వివరించాడు. ఎరుపు, ఆకుపచ్చ రంగులను గ్రహించే వర్ణకాల జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. మగవారికి ఆ క్రోమోజోము ఒక్కటే. దానిలో లోపం ఉంటే సరిదిద్దడానికి రెండోది లేదు. అందుకే ఈ లోపం మగవారిలో ఎక్కువ. కాబట్టి ‘ఎరుపు రంగులో ఉన్న ప్రశ్నలు తప్పక రాయాలి’ అని రంగుతో మాత్రమే చెప్పకూడదు. పక్కన నక్షత్రం గుర్తో, ‘తప్పనిసరి’ అనే మాటో కూడా ఉండాలి.

అక్షరానికీ వెనుక రంగుకూ తేడా ఎంత ఉండాలో కొలిచే లెక్క కూడా ఉంది. తెలుపు కాంతి విలువ 1, నలుపు విలువ 0 అనుకుంటారు. రెంటికీ 0.05 చొప్పున కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తారు. తెలుపు మీద నలుపుకు 1.05 ÷ 0.05 = 21. ఇదే అన్నిటికంటె ఎక్కువ. పసుపుపచ్చ కాంతి విలువ సుమారు 0.93. తెలుపు మీద దానికి 1.05 ÷ 0.98, అంటే దాదాపు 1.07 మాత్రమే. నీలం విలువ సుమారు 0.072. దానికి 1.05 ÷ 0.122, అంటే దాదాపు 8.6. మామూలు పరిమాణం అక్షరాలకు ఈ నిష్పత్తి కనీసం 4.5 ఉండాలని నియమం. తెల్లకాగితం మీద పసుపు అక్షరాలు ఎందుకు పనికిరావో, నీలి సిరా ఎందుకు హాయిగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది కదా!

చెవి, చేయి, మెదడు

వినపడనివారికి అక్షరాలే ఆధారం. కాబట్టి వీడియో పాఠానికి కింద మాటలు రాసి ఉండాలి. ‘గంట మోగింది’ వంటి ముఖ్యమైన శబ్దాలనూ రాయాలి. గోలగా ఉన్న బస్సులో వీడియో చూసే మీకూ అవి ఉపయోగపడతాయి.

చేతులు వణికేవారికి మౌస్‌తో చిన్న గుర్తు మీద గురి పెట్టడం కష్టం. అందుకని వెబ్‌సైటులో ప్రతి పనీ కీబోర్డు మీటలతో చేయగలిగేలా ఉండాలి. ‘ట్యాబ్’ మీట నొక్కినప్పుడు మనం ఎక్కడున్నామో కనిపించాలి.

మిణుకుమిణుకుమనే బొమ్మల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1997 డిసెంబరు 16న జపానులో ‘పోకెమాన్’ అనే పిల్లల కార్టూను ప్రసారమైంది. అందులో ఒకచోట ఎరుపు, నీలం వెలుగులు అతివేగంగా మెరిశాయి. చూస్తున్న పిల్లల్లో 600 మందికి పైగా మూర్ఛ, తలతిప్పు వంటి లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. సెకనుకు మూడుసార్ల కంటె ఎక్కువ మెరిసేది ఏదీ వెబ్ పేజీలో ఉండరాదని నియమం పెట్టడానికి కారణం ఇలాంటి ప్రమాదమే.

ఈ నియమాలు ఎవరివి?

వెబ్‌ను 1989లో రూపకల్పన చేసిన టిమ్ బెర్నర్స్-లీ 1994లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం అనే సంస్థను స్థాపించాడు. వెబ్ అందరికీ అందాలనే పనిని ఆ సంస్థ 1997లో ప్రత్యేకంగా చేపట్టింది. 1999లో మొదటి నియమావళి వచ్చింది. 2008లో వచ్చిన రెండో నియమావళి నాలుగు సూత్రాల మీద నిలబడింది. ఒకటి, పేజీలో ఉన్నది ఏదో ఒక ఇంద్రియానికి అందాలి. రెండు, పేజీని నడపగలగాలి. మూడు, అర్థం కావాలి. నాలుగు, రకరకాల పరికరాలలో చెడకుండా పనిచేయాలి. దానికి 2018లోనూ 2023లోనూ చేర్పులు జరిగాయి.

మన దేశంలో ఇది దయాధర్మం కాదు, హక్కు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలని చెబుతోంది. ముద్రిత పుస్తకాలను చూపులేనివారికి అనువైన రూపంలోకి మార్చడానికి వీలు కల్పించే మరాకేష్ ఒప్పందం 2013లో కుదిరింది. దాన్ని అందరికంటె ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనదే. 2016లో ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది.

అయినా చట్టం ఉన్నంత మాత్రాన పని జరగదు. బ్యాంకు ఖాతా వంటి వాటికి ఆన్‌లైన్‌లో గుర్తింపు చూపేటప్పుడు కెమెరా ముందు కళ్ళు ఆర్పి చూపమనే పద్ధతి ఉంది. ఆసిడ్ దాడిలో కనురెప్పలు దెబ్బతిన్నవారు ఎలా ఆర్పగలరు? చూపులేనివారు తెర మీద చూపిన చోట ముఖం ఎలా పెట్టగలరు? ఈ సమస్య సుప్రీంకోర్టుకు వెళ్ళింది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెప్పింది. ఆ పద్ధతులను మార్చమని 20 ఆదేశాలు ఇచ్చింది.

చేసి చూడండి

1. మీ దగ్గర ఉన్న ఏదైనా తెలుగు పీడీఎఫ్ తెరవండి. అందులో కనిపించే ఒక మాటను వెతికే పెట్టెలో తెలుగులో టైపు చేసి వెతకండి. దొరికితే లోపల సరైన అక్షరాలు ఉన్నట్టే. దొరకకపోతే ఒక వాక్యాన్ని ఎంపిక చేసి మరోచోట అతికించండి. ఎంపికే కాకపోతే అది బొమ్మ. ఇంగ్లీషు గుర్తులు వస్తే అది పాత ఫాంటు.

2. మౌస్‌ను పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్ మీటలతో మాత్రమే ఒక వెబ్‌సైటులో మీకు కావలసిన పేజీకి చేరండి. ఎక్కడ చిక్కుకుపోయారో రాసుకోండి.

3. ఇద్దరు మిత్రులు వీపులు ఆనించి కూర్చోండి. ఒకరు పాఠ్యపుస్తకంలోని కన్ను అంతర్నిర్మాణం పటాన్ని మాటలతో వివరించాలి. రెండోవారు విని గీయాలి. పేరు చెప్పకూడదు, చేతులు చూపకూడదు. గీసిన పటాన్ని పుస్తకంతో పోల్చండి. ఏ మాట చెప్పి ఉంటే పటం సరిగా వచ్చేదో చర్చించండి. మంచి ఆల్ట్ టెక్స్ట్ రాయడానికి ఇదే సాధన.

4. ‘క్షమ’ అనే మాటను యూనికోడ్‌లో దాచడానికి ఎన్ని సంఖ్యలు కావాలి? (పొల్లు గుర్తును మరచిపోకండి.)

5. బ్రెయిలీ డిస్‌ప్లేలలో ఆరుకు బదులు ఎనిమిది చుక్కల గడులు ఉంటాయి. ఎనిమిది చుక్కలతో ఎన్ని అమరికలు వస్తాయి?

నాలుగో ప్రశ్నకు జవాబు 4: క, పొల్లు, ష, మ. ఐదో ప్రశ్నకు జవాబు 256, ఖాళీతో కలిపి.

మొదటి మూడు ప్రయోగాలకు జవాబులు మీ దగ్గరే ఉన్నాయి. మీ పాఠశాల ప్రకటనలు, మీ ప్రాజెక్టు నివేదిక ఈ పరీక్షల్లో నెగ్గుతాయో లేదో చూడండి. నెగ్గకపోతే యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసి, శీర్షికలు గుర్తించి, పటాలకు వివరణ రాసి మీ ఉపాధ్యాయులకు చూపండి. ఒక పేజీకి మీకు పట్టే సమయం అరగంటకు మించదు. చూపులేని విద్యార్థికి ఆ పేజీ మరొకరిని బతిమాలకుండా సొంతంగా చదువుకునే పాఠం అవుతుంది.